కుస్కో నుంచి లా పాస్‌కు నేల మీదుగా

పెరూలోని కుస్కో నుంచి బొలీవియాలోని లా పాస్‌కు విమానాలున్నాయి. మేము బస్సెక్కడానికి కారణం సాహసమూ కాదు, పొదుపూ కాదు, మా అక్క. దారిలో వచ్చే టిటికాకా సరస్సు ఆమెకు బడిలో ఒక మార్కు ప్రశ్న: పెద్ద ఓడలు తిరిగే సరస్సుల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తున ఉన్నది ఏది? ఎప్పుడో జవాబు రాసి మార్కు తెచ్చుకున్న సరస్సును ఇప్పుడు కళ్ళారా చూడాలని పట్టుబట్టింది. విమానం కిటికీలోంచి చూస్తే చెల్లదట, ఒడ్డున నిలబడి చూడాలట.

రాజమండ్రి నుంచి అక్క, న్యూజెర్సీ నుంచి నేను లిమాలో కలుసుకున్నాం. 2024 జులై, అక్కడ చలికాలం. ఇద్దరివీ భారత పాస్‌పోర్టులే కాబట్టి అసలు పని బస్సెక్కకముందే మొదలైంది. ఆరు నెలలకు తగ్గకుండా గడువున్న అమెరికా వీసా చేతిలో ఉంటే పెరూ మనల్ని వేరే వీసా అడగదు. 2017 నుంచి ఆ వెసులుబాటు ఉంది. బొలీవియా దగ్గర ఆ పప్పులుడకవు, దాని వీసా దానికి కావలసిందే. సరిహద్దు దగ్గరే తీసుకోవచ్చని చెప్పేవాళ్ళున్నారు. కానీ వెనకాల బస్సు ఇంజను ఆపకుండా ఎదురుచూస్తుంటే, కొండ మీద ఒక కిటికీ ముందు కాగితాలు ఏరుకుంటూ నిలబడే ఓపిక నాకు లేదు. కుస్కో నుంచి రాత్రి బస్సులో సరస్సు ఒడ్డున పెరూ వైపున్న పూనో చేరి, అక్కడి బొలీవియా కాన్సులేట్‌లో పని ముగించుకుని, మర్నాడు పొద్దున సరిహద్దు బస్సు ఎక్కడం మేము వేసుకున్న పథకం. ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఇదే చెబుతాను.

వీసాకు అడిగే కాగితాల్లో మనవాళ్ళు తేలిగ్గా తీసుకునేది ఎల్లో ఫీవర్ టీకా కార్డు. ఆ టీకా ఏ ఆస్పత్రిలో పడితే ఆ ఆస్పత్రిలో వేయరు. అక్క దాని కోసం హైదరాబాద్ వెళ్ళి, నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకుంది. వేయించుకున్న పది రోజులకు గాని కార్డు చెల్లదు, ఆ తరువాత మాత్రం జీవితాంతం పనికొస్తుంది. 2016కు ముందైతే పదేళ్ళకే గడువు తీరిపోయేది. మిగిలినవన్నీ మామూలే: ఫారం, ఫొటో, హోటల్ బుకింగ్, బొలీవియా నుంచి బయటికి వెళ్ళే టికెట్టు, బ్యాంకు స్టేట్‌మెంటు. అన్నిటికీ రెండేసి నకళ్ళు తీసి పెట్టుకున్నాం.

కుస్కో బస్ స్టేషన్‌లో టికెట్టు కొంటే సరిపోదు. వేరే కిటికీ దగ్గర స్టేషన్ రుసుము కట్టి, వాళ్ళిచ్చే చిన్న చీటీ టికెట్టుకు అంటించుకుంటే తప్ప బస్సుల దగ్గరికి వెళ్ళనివ్వరు. సీట్లలో రెండు రకాలు, 160 డిగ్రీలు వాలేవి, 180 డిగ్రీలు వాలేవి. "డిగ్రీల లెక్కన నిద్ర అమ్ముతున్నారే!" అంది అక్క. బయలుదేరే ముందు ఒక కుర్రవాడు కెమెరా పట్టుకుని సీటు సీటుకూ ఆగి ప్రతి ముఖాన్నీ వీడియో తీసుకుంటూ వెళ్ళాడు. దోపిడీల భయంతో అక్కడి రాత్రి బస్సుల్లో చేసే పని అది. విషయం తెలియని అక్క గబగబా జుట్టు సర్దుకుని, బొట్టు చూసుకుని, చక్కగా నవ్వింది.

దారిలో లా రాయా కనుమ 4,300 మీటర్ల పైన ఉంటుంది. చీకట్లో ఏమీ కనబడలేదు గాని, కణతలకు మాత్రం తెలిసింది. ఈ ఎత్తు తలనొప్పిని అక్కడివాళ్ళు సోరోచే అంటారు. దానికి వాళ్ళ మందు కోకా ఆకుల టీ. పెరూలోనూ బొలీవియాలోనూ అది బజారులో దొరికే మామూలు సరుకే గాని, అమెరికాకో మన దేశానికో తీసుకువెళితే చిక్కే. అందుకని అక్క కొన్న టీ పొట్లాలను లెక్కగా వాడి, లా పాస్ వదిలేలోగా ఖాళీ చేశాం.

తెల్లవారకముందే పూనోలో దిగాం. నోట్లోంచి పొగ వచ్చే చలి. కాన్సులేట్ తెరిచే వేళకు కాగితాలన్నీ వరసలో పెట్టుకుని వెళ్ళాం. లోపల ఉన్నామె టీకా కార్డును మిగతా కాగితాలన్నిటి కంటే శ్రద్ధగా చూసింది. బొలీవియా ఎందుకు వెళుతున్నారని అడిగితే, అక్క గోడ మీది పటంలో నీలం మచ్చను వేలితో చూపించింది. ఆమె నవ్వింది. మధ్యాహ్నానికి పాస్‌పోర్టుల్లో వీసాలు పడ్డాయి. నా మటుకు నాకు సరిహద్దులో సగం అక్కడే దాటినట్టనిపించింది.

ఆ రాత్రి బావ ఫోను చేశారు. జూన్ 26న లా పాస్‌లో సైనిక వాహనాలు నడిబొడ్డున ఉన్న మురీయో కూడలికి వచ్చి, అధ్యక్ష భవనం తలుపును గుద్దిన దృశ్యాలు ఆయన టీవీలో చూశారు. ఆ తిరుగుబాటు కొన్ని గంటల్లోనే చల్లారిందని, సైన్యాధిపతిని ఆనాడే అరెస్టు చేశారని ఎంత చెప్పినా ఆయనకు నమ్మకం కుదరలేదు. మాకేమో వేరే బెంగ. ఆ దారిలో బస్సును ఆపేది సైన్యం కాదు, రాస్తారోకో. పూనో ప్రాంతంలో ఐమారా అనే స్థానిక తెగ రైతులు 2023 మొదట్లో వారాల తరబడి రోడ్లు మూసేశారు. బొలీవియాలోనైతే రాళ్ళు, టైర్లు అడ్డం పెట్టి దారి మూయడం రాజకీయాల్లో రోజువారీ పని. అందుకే టికెట్టు కొనేటప్పుడు ధర కంటే ముందు దారి తెరిచి ఉందా అని అడగడం అక్కడి అలవాటు. కౌంటరులోని మనిషి ఫోనులో ఎవరినో కనుక్కుని, ఈ రోజుకు తెరిచే ఉంది అన్నాడు. రేపటి మాట చెప్పలేదు.

ఇంకొకటి. టికెట్టు ఇచ్చే ముందు అతను మా పాస్‌పోర్టులు తీసుకుని బొలీవియా వీసా పేజీ వెతికి చూశాడు. మా ముందున్న జర్మన్ జంటను ఏమీ అడగలేదు. ఇందులో అవమానం వెతుక్కుంటే ప్రయాణం సాగదు. సరిహద్దులో ఎవరినైనా తిప్పి పంపితే తలనొప్పి బస్సువాళ్ళకే. కానీ ప్రతి కిటికీ దగ్గరా మన పుస్తకాన్ని మాత్రమే పేజీ పేజీ తిప్పుతారని తెలిసి ఉంటే, ఆ పేజీలో ముందే ఒక చీటీ పెట్టి ఇవ్వడం నయం. నేను అలాగే చేశాను.

శనివారం పొద్దున పూనోలో బయలుదేరిన బస్సు సరస్సు అంచునే దక్షిణంగా సాగింది. ఎడమ వైపు కిటికీ సీటు అడిగి తీసుకోండి, నీళ్ళు అటే ఉంటాయి. ఒడ్డున తోటోరా అనే తుంగ, దాని వెనక మన సముద్రమంత నీలం. ఎండ చురుక్కుమంటుంది, నీడలోకి జరిగితే వణుకు. కోత అయిపోయిన కినోవా చేలు, మట్టి ఇటుకల ఇళ్ళు, రేకుల కప్పులు, గుండ్రటి టోపీలు పెట్టుకుని కుచ్చుల గాగరాల్లో గొర్రెలు తోలుకెళ్ళే ఆడవాళ్ళు. ఇలావే, హూలి, పోమాటా ఊళ్ళు ఒకటొకటిగా వెనక్కి పోయాయి. హూలిలో వలస కాలపు చర్చీలు నాలుగున్నాయి, బస్సు మాత్రం ఒక్కదాని దగ్గరా ఆగలేదు. అక్క మాట్లాడటం మానేసి కిటికీకి నుదురు ఆనించి కూర్చుంది. 3,812 మీటర్ల ఎత్తున అలలు కొట్టే నీళ్ళను చూస్తున్న మనిషిని పలకరించడం మర్యాద కాదని నేనూ ఊరుకున్నాను.

యుంగూయో దాటేముందు బస్సు డబ్బు మార్చే ఒక కొట్టు ముందు ఆగింది. పెరూ సోళ్ళు ఇచ్చి బొలీవియానోలు పుచ్చుకోవాలి. అప్పటికి బొలీవియాలో డాలర్ల కరువు ముదిరి ఉంది. బ్యాంకు లెక్కలో డాలరు 2011 నుంచీ 6.96 బొలీవియానోల దగ్గరే కదలకుండా కూర్చుంటే, వీధిలో అంతకంటే బాగా ఎక్కువ పలుకుతోంది. అప్పట్లో కార్డు గీకితే బ్యాంకు లెక్క, నోటు చూపిస్తే వీధి లెక్క. కాబట్టి నలగని, చిరగని డాలరు నోట్లు దాచుకుని, భోజనానికీ పడవకూ సరిపడా చిల్లర మాత్రం అక్కడ మార్చుకున్నాం.

అక్కడికి కాస్త దూరంలోనే సరిహద్దు, కసానీ. అందరూ దిగాలి. పెద్ద సామాను బస్సులోనే ఉంటుంది, డబ్బు సంచీ, పాస్‌పోర్టు మాత్రం ఒంటి మీద ఉండాలి. ఖాళీ బస్సు గేటు దాటి అవతలికి వెళ్ళి ఆగుతుంది. మనుషులు మాత్రం ముందు పెరూ కార్యాలయంలో వరుసలో నిలబడి బయటికి వెళుతున్నట్టు నమోదు చేయించుకుని, ముద్ర వేయించుకుని, తరువాత ఎత్తుగా ఉన్న రోడ్డు మీద నడిచి, రాతి కమాను కింద నుంచి బొలీవియాలో అడుగుపెట్టి, అక్కడి కార్యాలయంలో మళ్ళీ వరుసలో నిలబడాలి. ఈ క్రమం తప్పకూడదు. పెరూ వదిలిన ఆనవాలు లేకుండా అవతల కిటికీకి వెళితే మళ్ళీ దిగువకు రావాల్సిందే. సాయంత్రానికి రెండు వైపులా మూసేస్తారు కాబట్టి ఆలస్యంగా బయలుదేరే బస్సులకు ఈ దారి పనికిరాదు.

ఆ రోడ్డు ఎంతో దూరం లేదు. కానీ ఆ ఎత్తులో పది అడుగులకు ఒకసారి ఆగక తప్పలేదు. మా పక్కనే ఇద్దరు ముసలమ్మలు రంగుల దుప్పటి మూటలు వీపున కట్టుకుని, మమ్మల్ని దాటేసి, ఐమారాలో కబుర్లు చెప్పుకుంటూ కమాను దాటి వెళ్ళిపోయారు. ఆ గీతకు అటూ ఇటూ వాళ్ళ చుట్టాలే, వాళ్ళ సంతలే. గీత గురించి కంగారంతా మాలాంటి వాళ్ళదే.

బొలీవియా కిటికీలో యువ అధికారి. జర్మన్ జంటకు ముద్ర టక్కుమని పడింది. నా పాస్‌పోర్టు అందుకుని, చీటీ పెట్టిన పేజీ తెరిచి, వీసాను గోటితో మెల్లగా రాసి చూశాడు. తేదీ చూశాడు, నా ముఖం చూశాడు, మళ్ళీ వీసా చూశాడు. పుస్తకం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. వెనక వరుస పలచబడుతోంది. మా బస్సు సహాయకుడు తలుపు దగ్గర నిలబడి జాబితాలో పేర్లకు టిక్కులు పెడుతున్నాడు. అక్క నా చెవిలో, "బస్సు వెళ్ళిపోతే?" అంది. "వెళ్ళదక్కా, మన పేర్ల పక్కన ఇంకా టిక్కు పడలేదు" అన్నాను, నాకే అంత నమ్మకం లేకపోయినా. అధికారి తిరిగి వచ్చి, టీకా కార్డు అడిగి, 30 రోజులు అని చేత్తో రాసి ముద్ర వేశాడు. తరువాత అక్క పాస్‌పోర్టు తీసుకుని చూడనైనా చూడకుండా అదే అంకె వేశాడు. ఇద్దరికీ కలిపి ఒక్కరినే పరీక్ష చేశాడన్నమాట. అటు చిన్నముల్లు ఒక గంట ముందుకు జరిగింది. పెరూ కంటే బొలీవియా గడియారం గంట ముందుంటుంది.

కసానీ నుంచి కోపకబానా ఎనిమిది కిలోమీటర్లు. ఊళ్ళోకి వస్తుండగా ఒకతను బస్సెక్కి ప్రవేశ రుసుమని పరాయి ఊరివాళ్ళ దగ్గర చిల్లర వసూలు చేసి చీటీలు ఇచ్చాడు. పూనో బస్సు అక్కడితో సరి. లా పాస్‌కు వేరే బస్సు ఎక్కాలి. సామాను మారేటప్పుడు మాత్రం ఎంత ఆకలిగా ఉన్నా అక్కడే నిలబడి, మన పెట్టె రెండో బస్సు పొట్టలోకి వెళ్ళిందని చూసుకుని కదలాలి. మధ్యలో భోజనానికి, ఊరు చూడటానికి కొంత వ్యవధి దొరికింది.

బ్రెజిల్‌లోని రియో సముద్రతీరానికి కోపకబానా అన్న పేరు ఈ ఊరి నుంచే వెళ్ళింది. ఇక్కడి మేరీ మాత విగ్రహాన్ని ఫ్రాన్సిస్కో టిటో యుపాంకి అనే స్థానికుడు చెక్కాడు, 1583లో ఇక్కడ ప్రతిష్ఠించారు. ఆ భక్తి ఖండం దాటి వెళ్ళి, రియోలో వెలిసిన చిన్న గుడి పేరై, చివరికి బీచి పేరైంది. తెల్లటి పెద్ద చర్చి ముందు వీధంతా కార్లు. కొత్తవీ పాతవీ, మినీబస్సులు, ఒక లారీ కూడా. ముందు అద్దాల మీద గ్లాడియోలస్ పూల దండలు, బానెట్ల మీద రంగు కాగితాల తునకలు. పాదిరీ ఒక చిన్న బకెట్టు పట్టుకుని, కుంచెతో ఇంజను మీద, సీట్ల మీద, యజమాని నెత్తి మీద పవిత్ర జలం చల్లుతూ కారు నుంచి కారుకు వెళుతున్నాడు. ఆయన పక్క కారుకు జరగగానే ఇంటివాళ్ళు బీరు సీసా కుదిపి నాలుగు చక్రాల మీదా పోస్తున్నారు. అది భూమాత పచమామా వాటా. తరువాత టపాకాయలు. పెరూ నంబరు పలకలున్న కార్లు కూడా కొన్ని కనిపించాయి, దీనికోసమే సరిహద్దు దాటి వచ్చినవి.

అక్క ఒక కుటుంబం పక్కన చేరి మొదటి నుంచి చివరి దాకా చూసింది. అంతా అయ్యాక అడిగింది: "నిమ్మకాయలు తొక్కించరా?" నాకు వచ్చిన కాస్త స్పానిష్‌లో ఆ ఇల్లాలిని అడిగి చూశాను. నిమ్మకాయలు ఎందుకు, చేపలోకా అంది ఆమె. నిజానికి ఒడ్డున వరసగా ట్రౌట్ చేప వేయించే కొట్లున్నాయి. అది ఆ సరస్సులో పుట్టిన చేప కాదు. 1940 ప్రాంతంలో ఉత్తర అమెరికా నుంచి తెచ్చి వదిలారు, అసలు చేపలకు దానివల్ల గడ్డుకాలం వచ్చింది. రుచి మాత్రం బాగుంది. శనివారమని అక్క ముట్టుకోలేదు. కినోవా సూపు, ఉడికించిన బంగాళాదుంపలు, ముక్కుపొడుమంత ఘాటైన మిరప పచ్చడితో కడుపు నింపుకుంది.

లా పాస్ బస్సు ఎక్కిన గంట లోపే మళ్ళీ దిగమన్నారు. టికీనా జలసంధి. సరస్సు రెండు భాగాల మధ్య కిలోమీటరు లోపు వెడల్పున్న నీళ్ళు, మీద వంతెన లేదు. మనుషులకు వేరే టికెట్టు, నారింజ రంగు లైఫ్ జాకెట్, మోటారు పడవ. బస్సుకు బల్లకట్టు. దాన్ని చూడగానే అక్క "పంటు!" అని కేక వేసింది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి మీద కార్లూ ఆటోలూ ఎక్కించుకుని పోయే పంటే ఆమె కళ్ళలో ఉంది. ఇది ఇంకా సన్నం, బొత్తిగా చెక్క. డ్రైవరు ఒడ్డు మీది నుంచి మెల్లగా బస్సును ఎక్కిస్తుంటే ముందు చక్రాలు పడగానే పలకలు కిర్రుమన్నాయి, రెండో చివర పైకి లేచింది, వెనక చక్రాలు కూడా ఎక్కాక మళ్ళీ సమంగా కూర్చుంది. పలకల మధ్య సందుల్లోంచి నీళ్ళు కనబడుతున్నాయి. ఒక మనిషి పొడుగాటి గడతో ఒడ్డును నెట్టాడు, వెనక చిన్న మోటారు పట్టుకుంది. మేము పడవలో ముందే దాటేసి, మా పెట్టెలన్నీ పొట్టలో పెట్టుకుని నీళ్ళ మీద అటూ ఇటూ ఊగుతూ వస్తున్న బస్సును అవతలి ఒడ్డు నుంచి చూశాం. పక్కనున్న బొలీవియా కుర్రాడు మొక్కజొన్న పేలాలు తింటూ అటు చూడను కూడా లేదు.

మేము పడవెక్కిన ఒడ్డున నౌకాదళ స్థావరం ఉంది. తెల్ల టోపీల నావికులు నిలబడి ఉన్నారు. సముద్రమే లేని దేశానికి నౌకాదళమేమిటని అక్క అడిగింది. ఒకప్పుడు ఉండేది. 1879లో చిలీతో మొదలైన యుద్ధంలో బొలీవియా తన తీరమంతా పోగొట్టుకుంది, 1904 ఒప్పందంతో దాని మీద సంతకం కూడా పెట్టింది. అయినా ఏటా మార్చి 23న సముద్ర దినం జరుపుకుంటారు. సముద్రానికి దారి గురించి చిలీ చర్చలకు రావలసిందేనని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళితే, ఆ బాధ్యత చిలీకి లేదని 2018లో తీర్పు వచ్చింది. నౌకాదళం మాత్రం సరస్సు మీద కసరత్తు చేస్తూనే ఉంది. పోయినదాన్ని పోయిందని ఒప్పుకోని ఆ పంతం నాకు నచ్చింది. ఖర్చు సంగతి వాళ్ళు చూసుకోవాలి.

ఆ తరువాత దారి తిన్నగా ఉంది. ఎడమ వైపు మంచు కొండల వరుస చాలాసేపు వెంట వచ్చింది. పెట్రోలు బంకుల ముందు డీజిల్ కోసం లారీలు బారులు తీరి ఉన్నాయి, కొన్నిటి కింద డ్రైవర్లు పరుపులు వేసుకుని పడుకున్నారు. ఎల్ ఆల్టో చేరేసరికి ప్రయాణం నత్త నడకైంది. 4,100 మీటర్ల పైన విశాలమైన మైదానం మీద ఇటుక ఇళ్ళ నగరం, మధ్య మధ్యన గాఢమైన రంగుల్లో మేడలు, ఎటు చూసినా మినీబస్సులు. అది దాటగానే నేల హఠాత్తుగా లోతుగా దిగిపోయింది. ఆ గిన్నెలాంటి లోయలో లా పాస్, తల మీద తీగల మీద నడిచే కేబుల్ కార్లు. 2014 నుంచి ఆ ఊరివాళ్ళకు అదే సిటీ బస్సు.

స్టేషన్‌లో పెట్టెలు చీటీ నంబర్లు సరిచూసి ఇచ్చారు. టాక్సీ అతను చెప్పిన ధర వినగానే అక్క తెలుగులోనే "అబ్బో" అంది. ఆ మాట ఏ భాషలోనైనా అర్థమవుతుందేమో, అతను ఐదు బొలీవియానోలు తగ్గించాడు. హోటల్ గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. పెట్టెలతో ఆ మెట్లెక్కడానికి పట్టిన సమయం కసానీలో ముద్ర పడటానికి పట్టినదాని కంటే ఎక్కువని అక్క ఇప్పటికీ వాదిస్తుంది.